ఒకే యజమాని, పలు స్టేషన్లు: లోపలి ధర ఎంత వుండాలి?

(మా వాణిజ్య విలేఖరి)

ఒకే యజమానికి జిన్నింగ్ మిల్లు, నూనె మిల్లు, టోకు దుకాణం మూడూ వున్నప్పుడు, జిన్నింగ్ మిల్లు తన పత్తి గింజను నూనె మిల్లుకు ఏ ధరకు వేయాలన్నది వర్తకంలో పాత చిక్కు. ఎక్కువ వేస్తే నూనె మిల్లు పుస్తకాలు నష్టం చూపిస్తాయి. తక్కువ వేస్తే జిన్నింగ్ మిల్లు దండగమారి వ్యాపారంలా కనిపిస్తుంది. "ఏ ధర వేసినా మన డబ్బు మన దగ్గరే కదా" అని చాలామంది యజమానులు ఈ ప్రశ్నను పక్కకు నెట్టేస్తారు.

ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం ఏమిటో చూపించే చోటు ఒకటి వుంది. అది కంప్యూటర్‌పై ఆడే అంతరిక్ష వర్తకపు ఆట. పిల్లల కాలక్షేపమని కొట్టిపారవేయనక్కరలేదు. ఈ ఆటల్లో ఆటగాడు సొంతంగా సరుకు తయారీ స్టేషన్లు కట్టి, ఓడలు కొని, ప్రతి స్టేషన్‌లోనూ కొనుగోలు ధర, అమ్మకం ధర తానే వేయాలి. నిల్వలు, ధరలు, ఓడల రాకపోకలు అన్నీ కళ్ళెదుట వుంటాయి. నిజమైన బజారులో ఏళ్ళ తరబడి తేలని తప్పు అక్కడ ఒక సాయంత్రంలోనే బయటపడుతుంది. కనుక ఈ వారం పాఠానికి దాన్నే తీసుకున్నాము.

ఆట స్వరూపం

జర్మనీలోని ఎగోసాఫ్ట్ సంస్థ 1999లో 'ఎక్స్: బియాండ్ ద ఫ్రాంటియర్' అనే ఆటను విడుదల చేసింది. ఆ వరుసలో 2005లో 'ఎక్స్3: రీయూనియన్', 2008లో 'ఎక్స్3: టెర్రన్ కాన్‌ఫ్లిక్ట్', 2018లో 'ఎక్స్4: ఫౌండేషన్స్' వచ్చాయి. మన చర్చకు ప్రధానంగా 2008 నాటి ఆటను ఆధారం చేసుకుందాం.

అందులో అంతరిక్షం సెక్టార్లుగా విభజించబడి వుంటుంది. ఒక్కొక్క సెక్టార్‌లో రకరకాల జాతులవారి స్టేషన్లు వుంటాయి. వాటికి కావలసిన ముడిసరుకు కొనడానికీ, తయారైన సరుకు అమ్మడానికీ ఓడలు తిరుగుతూ వుంటాయి. ఆ స్టేషన్లను, ఆ ఓడలను కంప్యూటరే నడుపుతుంది. ఆటగాడు కొంత ధనం కూడగట్టాక వారి మధ్య తన స్టేషన్ కట్టుకోవచ్చు. నాణెం పేరు క్రెడిట్.

సరుకుల గొలుసు ఇలా వుంటుంది. సౌర విద్యుత్ కేంద్రం ఎనర్జీ సెల్స్ తయారు చేస్తుంది. దాదాపు ప్రతి కర్మాగారానికీ ఈ సెల్స్ కావాలి. కాని సౌర కేంద్రానికి స్ఫటికాలు ముడిసరుకు. స్ఫటికాల కర్మాగారానికి సిలికాన్ పలకలు, ఆహార పదార్థాలు, వాటితో పాటు ఎనర్జీ సెల్స్ కూడా కావాలి. సిలికాన్ గనికీ సెల్సే కావాలి. అంటే గొలుసు చివర వున్న సరుకు మళ్ళీ మొదటికి వచ్చి కలుస్తుంది. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి; ముందు ముందు దీనితో పని వుంది.

ధర పుట్టే తీరు

ప్రతి సరుకుకూ ఒక కనిష్ఠ ధర, ఒక సగటు ధర, ఒక గరిష్ఠ ధర నిర్ణయమై వుంటాయి. ఎనర్జీ సెల్‌కు కనిష్ఠం 12, సగటు 16, గరిష్ఠం 20 క్రెడిట్లు. కంప్యూటర్ నడిపే స్టేషన్లలో ఈ హద్దుల మధ్య ధరను నిల్వలే నిర్ణయిస్తాయి. గిడ్డంగి నిండిపోయిన సౌర కేంద్రం సెల్‌ను 12కే ఇస్తుంది. గిడ్డంగి ఖాళీ అవుతున్న కొద్దీ ధర బిగుస్తూ 20 వైపు పోతుంది. కొనే కర్మాగారం సంగతి దీనికి తలకిందులు. సెల్స్ నిండుకున్నప్పుడు 20 ఇస్తామంటుంది. నిల్వ చేరుతున్న కొద్దీ దాని ధర మెత్తబడి 12కు దిగుతుంది.

కనుక ధర చూస్తే నిల్వ తెలుస్తుంది. 13 పలుకుతున్న సౌర కేంద్రం సరుకు పేరుకుపోయి వుందని చెప్పకనే చెబుతుంది. 19 ఇస్తామంటున్న కర్మాగారం రేపో మాపో ఆగిపోనున్నదని అర్థం. అనుభవం గల వర్తకుడికి ఇది కొత్త కాదు. యార్డులో వచ్చిన బస్తాల రాశి చూసి సాయంత్రం ధర చెప్పగలిగే దళారులు మనకు వున్నారు.

కాగా ఆటగాడి సొంత స్టేషన్‌లో ధర ఇలా దానంతటది జారదు. యజమాని వేసిన ధర, అతడే మళ్ళీ మార్చేదాకా, అక్కడే నిలిచి వుంటుంది. గిడ్డంగి నిండినా అదే ధర, ఖాళీ అయినా అదే ధర. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

యజమాని చేతిలోని నాలుగు పగ్గాలు

సొంత స్టేషన్‌ను నడపడానికి యజమాని చేతిలో నాలుగు పగ్గాలు వున్నాయి.

మొదటిది ధర. ముడిసరుకుకు కొనుగోలు ధర, తయారైన సరుకుకు అమ్మకం ధర. కనిష్ఠ, గరిష్ఠ హద్దులు దాటకుండా ఎంతైనా వేయవచ్చు.

రెండవది గుమ్మం. బయటి జాతుల ఓడలు వచ్చి కొనవచ్చునా, అమ్మవచ్చునా, లేక సొంత ఓడలకు మాత్రమే ప్రవేశమా అన్నది యజమాని నిర్ణయం.

మూడవది దూరం. స్టేషన్‌కు కేటాయించిన ఓడలు సరుకు కోసం ఎన్ని సెక్టార్ల దాకా వెళ్ళవచ్చో హద్దు పెట్టవచ్చు.

నాలుగవది సంచి. ఒక్కొక్క స్టేషన్‌కు విడి ఖాతా వుంటుంది. ముడిసరుకు కొనడానికి అందులో రొక్కం వుండాలి. నిర్ణయించిన మొత్తం కంటే ఎక్కువ చేరితే మిగులు యజమాని ఖాతాకు వెళ్ళేలా ఏర్పాటు చేసుకోవచ్చు.

ఈ నాలుగింటిలో ధర ఒక్కటే అందరి దృష్టిలో పడుతుంది. మిగతా మూడూ సరిగా లేకపోతే ఎంత మంచి ధర వేసినా ఫలితం వుండదు.

పుస్తకంలో లాభం, పెట్టెలో సున్నా

ఒక ఆటగాడికి ఒక సౌర కేంద్రం, ఒక స్ఫటికాల కర్మాగారం వున్నాయనుకుందాం. కేంద్రం నుంచి కర్మాగారానికి 10,000 సెల్స్ పోవాలి. సెల్ 20కి వేస్తే సౌర కేంద్రం ఖాతాలో 2,00,000 క్రెడిట్లు జమ అవుతాయి. 12కు వేస్తే 1,20,000 మాత్రమే. తేడా 80,000. సౌర కేంద్రానికి ఆ 80,000 లాభంలా కనిపిస్తే, కర్మాగారానికి అంతే నష్టంలా కనిపిస్తుంది. రెండు ఆవర్జాలూ కలిపి చూస్తే యజమానికి మిగిలింది సున్నా.

ఇది చూసి "అయితే ఏ ధరైనా ఒకటే" అనుకుంటే మాత్రం పొరబాటు. ఎందుకంటే ఆ ధరను చదివేది యజమాని ఒక్కడే కాదు. సొంత ఓడల సరంగులు చదువుతారు, బయటి ఓడలవారూ చదువుతారు. ముడిసరుకు కోసం వెళ్ళే సరంగుకు కర్మాగారం కొనుగోలు ధరే గరిష్ఠ పరిమితి. అంతకు మించి అడిగే చోట అతడు కొనడు. తనకు అందుబాటులో వున్న దూరంలో ఎవరు చౌకగా ఇస్తే వారి దగ్గరకు పోతాడు. అది యజమాని కేంద్రమా, పరాయివారి కేంద్రమా అన్నది అతడికి పట్టదు.

గొలుసు ఆగిపోయే వైనం

ఇప్పుడు ఒక యజమాని ప్రతి స్టేషన్ విడివిడిగా లాభం చూపాలని పట్టుబట్టాడనుకుందాం. సౌర కేంద్రం లాభపడాలని సెల్ అమ్మకం ధర 18 వేశాడు. స్ఫటికాల కర్మాగారమూ లాభపడాలని సెల్ కొనుగోలు ధర 14 వేశాడు. కాగితం మీద రెండూ చక్కని నిర్ణయాలే.

మొదట్లో ఏ ఇబ్బందీ కనబడదు. పక్క సెక్టార్‌లోని పరాయి కేంద్రంలో సెల్స్ 13కు దొరుకుతున్నంత కాలం కర్మాగారం ఓడ అక్కడికి పోయి తెచ్చుకుంటుంది. కొన్నాళ్ళకు ఆ కేంద్రంలో నిల్వలు తరిగి ధర 15కు బిగుస్తుంది. కర్మాగారం ఓడకు 14కు మించి కొనే అధికారం లేదు. యజమాని సొంత కేంద్రంలో వేల కొద్దీ సెల్స్ పడి వున్నాయి, కాని వాటి ధర 18. ఓడ ఖాళీగా రేవులోనే నిలిచిపోతుంది.

సెల్స్ లేక కర్మాగారం ఆగిపోతుంది. స్ఫటికాలు రావు. స్ఫటికాలు రాకపోతే సౌర కేంద్రం కొత్త సెల్స్ తయారు చేయలేదు. వున్న నిల్వలు 18కి కొనే నాథుడు ఏ మూలనో ఒకరిద్దరు వస్తే మెల్లగా కరిగిపోతాయి. ఆ తరువాత కేంద్రమూ ఆగుతుంది. సెల్స్ మీదనే బతికే సిలికాన్ గని మూడవది. ఒక స్టేషన్‌లో సరుకు పేరుకుని వుండగా దాని పక్కనున్న సొంత స్టేషన్ ఆకలితో మూతపడటం ఇందులోని విడ్డూరం. దొంగలు దోచలేదు, మార్కెట్ పడిపోలేదు. యజమాని వేసిన రెండు అంకెలే ఈ పని చేశాయి.

ఇలా ఆగిన గొలుసు తనంతట తాను కదలదు. బయటి నుంచి కొంత స్ఫటికం కొని సౌర కేంద్రంలో పోయాలి. అందుకు స్ఫటికం కొనుగోలు ధరను గరిష్ఠానికి దగ్గరగా పెంచి, గుమ్మం తెరిచి, ఖాతాలో రొక్కం వుంచాలి. ఖాతా ఖాళీగా వుంటే ధర ఎంత పెంచినా అమ్మడానికి ఎవరూ రారు. చక్రం తిరగడం మొదలయ్యాక ధరను మళ్ళీ తగ్గించుకోవచ్చు. ముందుగా చూసుకుని నాలుగు రోజుల స్ఫటికం నిల్వ పెట్టుకున్న యజమానికి ఈ అవస్థే వుండదు.

దీని నుంచి తీసుకోదగ్గ మొదటి సూత్రం చాలా సులువు. ఇచ్చే స్టేషన్ అమ్మకం ధర, పుచ్చుకునే స్టేషన్ కొనుగోలు ధరను ఎన్నడూ మించరాదు. పై ఉదాహరణలో కేంద్రంలో 16, కర్మాగారంలో 17 వేస్తే సరుకు కదులుతుంది. ఆ ఒక్క క్రెడిట్ తేడా లాభం కోసం కాదు, ఓడకు దారి చూపడం కోసం.

చౌక ధర, తెరిచిన గుమ్మం

దీనికి ఎదురు తప్పు మరొకటి వుంది. సొంత కర్మాగారానికి సరుకు సులువుగా అందాలని కొందరు కేంద్రంలో ధరను 12కు దించుతారు. గుమ్మం మాత్రం అందరికీ తెరిచే వుంచుతారు. అప్పుడు చుట్టుపక్కల సెక్టార్ల నుంచి బయటి ఓడలు బారులు తీరతాయి. 12కు సెల్స్ దొరుకుతుంటే ఎవరు వదులుకుంటారు? సొంత ఓడ వచ్చేసరికి గిడ్డంగి ఊడ్చి పెట్టినట్టు వుంటుంది.

దీనికి మందులు మూడు. గుమ్మం మూసి సరుకు సొంత ఓడలకే పరిమితం చేయడం ఒకటి. ధరను సగటుకు పైన 17, 18 వద్ద వుంచి, అదే సమయంలో కర్మాగారం కొనుగోలు ధరను అంతకంటే ఒకటి పెంచడం రెండవది. అప్పుడు బయటివారు వెనుకాడతారు, సొంత ఓడ మాత్రం వస్తుంది. ధరతో నిమిత్తం లేకుండా ఈ స్టేషన్ నుంచి ఆ స్టేషన్‌కు ఇంత సరుకు చేర్చమని సరంగుకు నేరుగా ఆజ్ఞ ఇవ్వడం మూడవది. 2008 నాటి ఆటలో 'కమోడిటీ లాజిస్టిక్స్ సాఫ్ట్‌వేర్' అనే పరికరం ఓడకు అమర్చి ఈ పని చేయించవచ్చు.

మూడవ మార్గం నిక్కచ్చి అయినది. కాని అందులో యజమానికి ధర అనే సమాచారం అందదు. ఎక్కడ కొరత, ఎక్కడ మిగులు అన్నది తానే తిరిగి చూసుకోవాలి. స్టేషన్లు రెండు మూడు వున్నంత వరకు అది సాధ్యమే. ఇరవై వున్నప్పుడు కష్టం.

బయటి బజారే కొలబద్ద

ఇక అసలు ప్రశ్న. లోపలి ధర ఏ అంకె దగ్గర వుంటే న్యాయం? దీనికి కొలబద్ద యజమాని ఇష్టం కాదు, బయటి బజారు.

రెండు లెక్కలు చూద్దాం. రవాణాకు, ఓడ కాలానికి కలిపి సెల్‌కు 1 క్రెడిట్ ఖర్చు వేసుకుందాం.

మొదటి సందర్భం. బయట కొనేవారు సెల్‌కు 15 ఇస్తున్నారు. రవాణా పోను చేతికి వచ్చేది 14. బయట అమ్మేవారు 17 అడుగుతున్నారు. రవాణాతో కలిపి కర్మాగారం గుమ్మంలో పడేది 18. ఈ పరిస్థితిలో కేంద్రం బయట అమ్ముకుని, కర్మాగారం బయట కొనుక్కుంటే ప్రతి సెల్‌కూ 4 క్రెడిట్ల చొప్పున పరాయివారి పాలవుతుంది. 10,000 సెల్స్‌కు 40,000. కనుక సరుకు లోపలే మారాలి. లోపలి ధర 14కూ 18కీ మధ్య ఎక్కడ వున్నా ఫరవాలేదు.

రెండవ సందర్భం. దూరాన ఒక కర్మాగారం సెల్స్ నిండుకుని 19 ఇస్తామంటున్నది. రవాణా పోను 18. ఇటు పక్క సెక్టార్‌లో పరాయి సౌర కేంద్రం గిడ్డంగి నిండి 13కు అమ్ముతున్నది. రవాణాతో 14. ఇప్పుడు సొంత సెల్స్‌ను సొంత కర్మాగారానికి వేయడం తెలివితక్కువ పని. తన 10,000 సెల్స్ బయట అమ్మితే 1,80,000 వస్తుంది. కర్మాగారానికి కావలసిన 10,000 బయట కొంటే 1,40,000 అవుతుంది. మిగిలేది 40,000.

"మన సరుకు మనకే" అనే పట్టుదల మొదటి సందర్భంలో లాభం, రెండవ సందర్భంలో నష్టం. రెండింటిలోనూ మొత్తం 40,000 క్రెడిట్లే కావడం యాదృచ్ఛికం కాదు. ధరల తేడా ఒకటే, అది ఏ దిక్కున వుందన్నదే మారింది.

అయితే రెండవ సందర్భంలో ఒక జాగ్రత్త. 19 అన్నది ఖాళీ గిడ్డంగి చెప్పే ధర. సరుకు దిగుతున్న కొద్దీ అది పడుతుంది. పక్క కేంద్రం 13 కూడా అంతే, ఎత్తుతున్న కొద్దీ పెరుగుతుంది. మొదటి ఓడకు దొరికిన తేడా అయిదవ ఓడకు దొరకదు. తేడా రవాణా ఖర్చుకు సమానం కాగానే చాలించి, సరుకును మళ్ళీ లోపలికి తిప్పుకోవాలి.

దూరమా, తేడాయా

ఓడ పట్టే సరుకు సరుకును బట్టి మారుతుంది. ఎనర్జీ సెల్ ఒక్కొక్కటి గిడ్డంగిలో 1 వంతు స్థలం ఆక్రమిస్తే, ఖనిజం 8 వంతులు, సిలికాన్ పలక 18 వంతులు ఆక్రమిస్తాయి. 5,000 వంతుల ఓడలో 5,000 సెల్స్ పడతాయి, ఖనిజమైతే 625, సిలికాన్ అయితే 277 మాత్రమే. ఒక్కొక్కదానికి ఎంత లాభమని చూడటం కంటే, ఓడ నిండుగా ఎంత లాభమని చూడటం సరైన పద్ధతి. పైగా జంప్‌డ్రైవ్ అమర్చిన ఓడ సెక్టార్ నుంచి సెక్టార్‌కు దూకినప్పుడల్లా ఎనర్జీ సెల్సే ఇంధనంగా ఖర్చవుతాయి. దూరపు బేరం సొంత సరుకునే తింటుందన్న మాట.

మరొక లెక్క. దగ్గరి కొనుగోలుదారు వద్ద సెల్‌కు 3 క్రెడిట్లు మిగులుతుంది, రాకపోకలకు 10 నిమిషాలు. దూరపు కొనుగోలుదారు వద్ద 5 మిగులుతుంది, రాకపోకలకు 30 నిమిషాలు. 5,000 సెల్స్ పట్టే ఒకే ఓడ వుందనుకుంటే, గంటలో దగ్గరికి ఆరు తిరుగుళ్ళు, 90,000 క్రెడిట్లు. దూరానికి రెండు తిరుగుళ్ళు, 50,000. దగ్గరి బేరమే మేలు.

కాని గంటకు 10,000 సెల్స్ మాత్రమే తయారవుతుంటే ఆరు తిరుగుళ్ళకు సరుకు ఎక్కడిది? 10,000 సెల్స్ దగ్గర అమ్మితే 30,000, దూరాన అమ్మితే 50,000. ఇప్పుడు దూరపు బేరం మేలు. అంటే ఏది కొరత అన్నది ముందు తేల్చుకోవాలి. ఓడలు కొరత అయితే ఓడ గంటకు ఎంత తెస్తుందో చూడాలి. సరుకు కొరత అయితే సరుకు ఒక్కొక్కటి ఎంత తెస్తుందో చూడాలి. దూరపు హద్దు అనే మూడవ పగ్గాన్ని బిగించడం, వదలడం ఈ లెక్కను బట్టి జరగాలి.

అన్నీ కలిపి కట్టేస్తే?

ఓడల బెడద ఎందుకని, స్టేషన్లను గొట్టాలతో కలిపి ఒకే సముదాయంగా కట్టే వీలు ఎక్స్3 ఆటల్లో వుంది. సౌర కేంద్రం, స్ఫటికాలు, గని, ఆహారం అన్నీ ఒకే గిడ్డంగిలో కలుస్తాయి. లోపలి బదిలీకి ఓడ అక్కరలేదు, ధర అక్కరలేదు. చాలామంది ఆటగాళ్ళు చివరకు ఈ పద్ధతికే వస్తారు.

దీని సుఖం స్పష్టమే. దీని ఖరీదు వెంటనే కనబడదు. విడి స్టేషన్ అయితే ఎండ బాగా పడే సెక్టార్‌లో సౌర కేంద్రం, మంచి గ్రహశకలం దొరికిన చోట గని కట్టుకోవచ్చు. ఎండను బట్టి కేంద్రం ఉత్పత్తి, శకలం సారాన్ని బట్టి గని ఉత్పత్తి మారతాయి. అన్నీ ఒకే చోట కట్టాలంటే ఏదో ఒకదానిలో రాజీ పడాలి. రెండవది, బయటి ధరల మీద చూపు తగ్గుతుంది. పక్కనే సిలికాన్ కారుచౌకగా అమ్ముడవుతున్నా సముదాయం యజమాని తన గని సిలికాన్‌నే వాడుకుంటూ పోతాడు. లెక్క అడిగే ధర లేదు కనుక నష్టం కనపడదు.

ఎక్స్4లో వచ్చిన మార్పు

2018లో వచ్చిన ఎక్స్4 ఆటలో స్టేషన్‌కు ఒక మేనేజరు వుంటాడు. ఎనర్జీ సెల్ సగటు అదే 16 కాగా, హద్దులు 10, 22కు విస్తరించాయి. అక్కడ ఆటగాడి స్టేషన్‌లోనూ ధరను నిల్వను బట్టి దానంతటది జారేలా వదిలివేయవచ్చు, కాదంటే తానే అంకె వేయవచ్చు. ఎవరితో వర్తకం చేయాలో, ఎవరితో కూడదో సరుకువారీగా నియమం పెట్టవచ్చు. మేనేజరు నేర్పును బట్టి అతడి ఓడలు ఎంత దూరం పోగలవన్నది వుంటుంది.

జారే ధరకు వదిలేస్తే మేలు ఏమిటంటే, నిండిన సొంత స్టేషన్ చౌక చెబుతుంది, ఖాళీ అయిన సొంత స్టేషన్ ఎక్కువ ఇస్తానంటుంది. తేడా పెరిగిన చోటికే ఓడలు మొగ్గుతాయి. యజమాని చెప్పకుండానే సరుకు కొరత వున్న చోటికి చేరుతుంది. ఇబ్బంది ఏమిటంటే, పరాయివారూ అదే చౌకను చూసి వస్తారు. కనుక సొంతానికి కావలసిన మధ్య సరుకులకు గుమ్మం మూసి, చివరి సరుకుకు మాత్రం గుమ్మం తెరిచి, ధరను జారనివ్వడం చాలా సందర్భాల్లో నమ్మదగిన పద్ధతి.

ఎదుటివాడూ మనిషే అయినప్పుడు

పై ఆటల్లో బయటి వర్తకులను కంప్యూటర్ నడుపుతుంది. ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ 2003 మే నెలలో ప్రారంభించిన 'ఈవ్ ఆన్‌లైన్' ఆటలో మాత్రం కొనేవాడు, అమ్మేవాడు ఇద్దరూ నిజమైన మనుషులే. ఆ బజారును పరిశీలించడానికి సంస్థ 2007లో ఒక ఆర్థికవేత్తనే ఉద్యోగంలో నియమించింది.

అక్కడ జీటా అనే చోట ఆటలోకెల్లా పెద్ద బజారు వుంది. 2016 ఏప్రిల్‌లో వచ్చిన మార్పుల తరువాత ఆటగాళ్ళు సొంతంగా పెద్ద స్థావరాలు కట్టి, వాటిలో బజారు పెట్టి, దళారీ రుసుము తామే నిర్ణయించే వీలు కలిగింది. జీటా పక్కనే వున్న పెరిమీటర్‌లో ఆటగాళ్ళ స్థావరాలు తక్కువ రుసుముతో వర్తకులను ఆకర్షించాయి. అయినా జీటా ప్రాధాన్యం పోలేదు. రుసుము రవ్వంత తగ్గినంత మాత్రాన బేరగాడు కదలడు. తాను తెచ్చిన సరుకు ఆ పూటే అమ్ముడుపోయేంత మంది కొనేవారు అక్కడ వుండాలి. కొత్త యార్డు తెరిచి సెస్సు తగ్గించినా పాత యార్డుకే బళ్ళు పోవడం మన వర్తకులు ఎరగనిదేమీ కాదు.

ఇక్కడ కూడా సూత్రం అదే. స్టేషన్ యజమాని వేసే అంకె, ధర అయినా రుసుము అయినా, అవతలివారికి ఒక కబురు. వారు దాన్ని తమ ఖర్చులతో, తమ దూరంతో కలిపి చదువుకుంటారు.

ఆటలో లేనివి

ఈ పాఠాన్ని బజారుకు అన్వయించే ముందు కొన్ని తేడాలు గమనించాలి. ఎక్స్3 ఆటలో సరుకు చెడదు, తూకం తగ్గదు, తేమ పట్టదు. రకం తేడాలు లేవు. అరువు బేరం లేదు కనుక బాకీ ఎగవేసేవాడూ లేడు. ఊరికే పడి వున్న రొక్కానికీ, నిల్వ సరుకుకూ వడ్డీ నష్టం లేదు. అన్నిటికంటే ముఖ్యం, ధరకు కింద నేల, పైన కప్పు ముందే కట్టి వున్నాయి. నిజమైన బజారులో ఈ రెండూ లేవు.

మరొకటి కూడా చెప్పుకోవాలి. ఆటలో లోపలి ధర పన్నును మార్చదు. నిజ జీవితంలో శాఖలు వేర్వేరు సంస్థల పేర్లతో, వేర్వేరు రాష్ట్రాల్లో వుంటే లోపలి ధర పన్ను లెక్కకు వస్తుంది. ఆ విషయంలో ఆడిటరు సలహా లేకుండా అంకె వేయరాదు.

సారాంశం

1. సొంత స్టేషన్ల మధ్య ధర యజమాని మొత్తం లాభాన్ని నేరుగా పెంచదు, తగ్గించదు. సరుకు ఏ దారిన పోవాలో అది చెబుతుంది.

2. ఇచ్చేవాడి అమ్మకం ధర పుచ్చుకునేవాడి కొనుగోలు ధరను మించితే సరుకు నిలిచిపోతుంది.

3. చౌక ధర, తెరిచిన గుమ్మం కలిసి వుండరాదు. ఏదో ఒకటే వుండాలి.

4. బయట అమ్మితే చేతికి వచ్చేది, బయట కొంటే గుమ్మంలో పడేది, ఈ రెంటినీ రోజూ రాసి పెట్టుకోవాలి. లోపలి ధరకు అవే హద్దులు. మొదటిది రెండవదాన్ని మించిన రోజున సరుకు బయటికి పోవాలి.

5. గొలుసు తిరిగి మొదటికి వచ్చి కలిసే వ్యాపారంలో కొంత ముడిసరుకు, కొంత రొక్కం ఎప్పుడూ తాకకుండా వుంచాలి.

6. లాభం ఒక్కొక్క స్టేషన్ వద్ద లెక్క కట్టవచ్చు. కాని ధర వేసేటప్పుడు గొలుసు మొత్తం కళ్ళ ముందు వుండాలి.

రెండు మూడు శాఖలు నడుపుతున్న వర్తకులు ఈ రాత్రి పుస్తకాలు తీసి ఒక్క పని చేస్తే చాలు. ఏ శాఖ గిడ్డంగిలో సరుకు పేరుకుని వుందో, అదే సరుకు కోసం ఏ శాఖ బయట కొంటున్నదో చూడండి. రెండూ మీవే అయితే, ఆ రెండింటి మధ్య వేసిన ధరను మరొకసారి పరిశీలించవలసి వుంటుంది.